2012 ఆర్2 సర్వర్ నుంచి కొత్తదానికి మారడం: ఉన్నదాన్నే అప్‌గ్రేడ్ చేయాలా, పక్కన కొత్తది నిలబెట్టాలా?

అంబత్తూరు_అడ్మిన్

చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడలో లోహపు విడిభాగాలు తయారుచేసే ఒక సంస్థలో నెట్‌వర్క్ పని నేను చూస్తున్నాను. అరవై దాకా కంప్యూటర్లు ఉన్నాయి. వాటన్నిటికీ ఒకే ఒక్క విండోస్ సర్వర్ 2012 ఆర్2 ఆధారం. యాక్టివ్ డైరెక్టరీ (ఖాతాలు, అనుమతుల జాబితా), డీఎన్‌ఎస్ (పేర్లను చిరునామాలుగా మార్చేది), డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు చిరునామాలు ఇచ్చేది), ఫైళ్లు, ప్రింటర్లు, ట్యాలీ లెక్కల డేటా అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2023 అక్టోబరు 10తోనే ముగిసిపోయింది. ఇన్నాళ్లకు యాజమాన్యం కొత్త సర్వర్‌కు డబ్బు మంజూరు చేసి, సంక్రాంతి సెలవుల్లో పని పూర్తి చేయమంటోంది.

నా ఇబ్బంది సరఫరాదారుతో వచ్చింది. సర్వర్ 2025కు 2012 ఆర్2 నుంచి నేరుగా అప్‌గ్రేడ్ కావచ్చు కనుక, ఉన్న డిస్కును అలాగే కొత్త యంత్రంలోకి తెచ్చి సెటప్ నడిపితే తెల్లారేసరికి పని అయిపోతుందని వారు గట్టిగా చెబుతున్నారు. పదేళ్లకు పైగా పోగుపడిన వ్యవస్థను అలా లేపి నిలబెట్టవచ్చునంటే నాకు నమ్మకం కుదరడం లేదు. ఇలాంటి పని స్వయంగా చేసినవారు ఏమంటారు?

గిండీ_గోపాల్

సరఫరాదారు చెప్పిన దానిలో అబద్ధం లేదు. సర్వర్ 2022 వరకు ఒకేసారి రెండు సంచికలు మాత్రమే దాటనిచ్చేవారు. 2025 నుంచి నాలుగు సంచికలు దాటవచ్చు. మా కార్యాలయంలో ఫైల్ సర్వర్‌ను 2012 ఆర్2 నుంచి 2025కు నేరుగానే తెచ్చాము. షేర్లు, అనుమతులు, ప్రింటర్లు ఏవీ చెదరలేదు. బ్యాకప్ సరిగ్గా ఉన్నప్పుడు ఇంత భయపడవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

మైలాపూరు_మూర్తి

గోపాల్ గారూ, మీది విడి ఫైల్ సర్వర్. అంబత్తూరు మిత్రుడిది డొమైన్ కంట్రోలర్, అంటే సంస్థలోని ఖాతాలన్నిటినీ, లాగిన్‌లన్నిటినీ నడిపే సర్వర్. ఈ ఒక్క తేడాతో లెక్క పూర్తిగా మారిపోతుంది. సర్వర్ 2025ను డొమైన్ కంట్రోలర్‌గా నిలపాలంటే డొమైన్ (ఒకే నిర్వహణ కింది ఖాతాలు, కంప్యూటర్ల సమూహం), ఫారెస్టు (డొమైన్ల సమూహం) ఫంక్షనల్ లెవెళ్లు, అంటే అవి ఏ సంచిక సౌకర్యాలతో నడుస్తున్నాయన్నది, కనీసం 2016 స్థాయిలో ఉండాలి. ఆ డొమైన్‌లో 2012 ఆర్2 కంట్రోలర్ ఒక్కటి మిగిలి ఉన్నా లెవెల్‌ను 2016కు పెంచడం కుదరదు. వీరికి ఉన్న ఏకైక కంట్రోలర్ 2012 ఆర్2యే కాబట్టి నేరుగా 2025కు వెళ్లే దారి అక్కడే మూసుకుపోయింది. మధ్యలో 2016, 2019, 2022లలో ఒకదానిని కంట్రోలర్‌గా పెట్టి తీరాలి.

అదీగాక, డొమైన్ కంట్రోలర్‌ను ఉన్నచోట అప్‌గ్రేడ్ చేయకుండా పక్కన కొత్త కంట్రోలర్‌ను చేర్చి, బాధ్యతలు దానికి అప్పగించి, పాతదానిని డిమోట్ చేయమనే (కంట్రోలర్ బాధ్యత నుంచి తప్పించమనే) మైక్రోసాఫ్ట్ కూడా సూచిస్తుంది. ఇందులో ఉన్న సుఖం ఏమిటంటే, చివరి అడుగు వేసేదాకా పాతది పనిచేస్తూనే ఉంటుంది, ఎక్కడ అనుమానం వచ్చినా అక్కడే ఆగిపోవచ్చు.

ముందుగా ఒక విషయం చెప్పండి: మీ డొమైన్ ఏ కాలంలో మొదలైంది?

అంబత్తూరు_అడ్మిన్

సర్వర్ 2003 రోజుల్లో. తర్వాత 2008 వచ్చింది, ఆపైన 2012 ఆర్2. అప్పట్లో చేసినవారెవరూ ఇప్పుడు ఇక్కడ లేరు, రాసిపెట్టిన కాగితాలూ లేవు.

మైలాపూరు_మూర్తి

అయితే రెండు సంగతులు ఇప్పుడే చూడండి. ఒకటి, డొమైన్ ఫంక్షనల్ లెవెల్ ఇంకా 2003లోనే ఉందేమో. రెండవది, సిస్‌వాల్ ఫోల్డర్ (పాలసీలు, లాగాన్ స్క్రిప్టులు ఉండే చోటు) ప్రతిరూపణ, అంటే కంట్రోలర్ల మధ్య నకలు తీయడం, పాత ఎఫ్‌ఆర్‌ఎస్ పద్ధతి మీద నడుస్తోందా, కొత్త డీఎఫ్‌ఎస్‌ఆర్ మీద నడుస్తోందా అన్నది. కమాండ్ ప్రాంప్ట్‌లో డీఎఫ్‌ఎస్‌ఆర్‌మిగ్ అని కొట్టి, పక్కన గెట్‌గ్లోబల్‌స్టేట్ అన్న స్విచ్ ఇవ్వండి. ఎలిమినేటెడ్ అని వస్తే నిశ్చింతగా ఉండవచ్చు. మైగ్రేషన్ ఇంకా మొదలే కాలేదని వస్తే మాత్రం, ఎఫ్‌ఆర్‌ఎస్‌ను వదిలించుకునే వరకు 2019 గానీ 2022 గానీ మీ డొమైన్‌లో కంట్రోలర్‌గా చేరవు.

పీణ్య_ప్రసాద్

మూర్తి గారి ప్రశ్న చాలా ముఖ్యమైనది. ఇక్కడ బెంగళూరు పీణ్యలో మా పక్క యూనిట్‌లో ఒక గుత్తేదారు సెలవు రోజున కొత్త సర్వర్ బిగించి, ప్రమోషన్ దశలో, అంటే దానిని కంట్రోలర్‌గా మార్చేటప్పుడు, ఈ ఎఫ్‌ఆర్‌ఎస్ దగ్గరే ఆగిపోయాడు. అప్పటికప్పుడు దారి వెతుక్కుంటూ సెలవంతా గడిపి, సోమవారం ఉదయం పాత సర్వర్‌తోనే కార్యాలయం తెరిచారు. ఆ ఒక్క కమాండ్ నెల ముందు కొట్టి ఉంటే తెలిసిపోయేది.

లినక్స్_లక్ష్మి

మరో దారి కూడా ఆలోచించమని నా సూచన. అరవై కంప్యూటర్లకు సాంబా (లినక్స్ మీద నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్) యాక్టివ్ డైరెక్టరీ సరిపోతుంది, గ్రూప్ పాలసీలు (కంప్యూటర్లన్నిటికీ ఒకేచోటి నుంచి పెట్టే నియమాలు) కూడా పనిచేస్తాయి, లైసెన్సు ఖర్చు ఉండదు. వలసరవాక్కంలోని మా విద్యాసంస్థలో ఇదే నడుపుతున్నాము.

గిండీ_గోపాల్

లక్ష్మి గారూ, మీ దగ్గర దానిని చూసుకోవడానికి మీరు ఉన్నారు. రాసిపెట్టిన కాగితం ఒక్కటి కూడా లేని చోట వేదికనే మార్చేస్తే, రేపు ఈ మిత్రుడు ఉద్యోగం మారితే వారి పరిస్థితి ఏమిటి? నేను నేరుగా అప్‌గ్రేడ్ అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. డొమైన్ కంట్రోలర్ అని గమనించాక మూర్తి గారి మార్గమే సరైనది.

లినక్స్_లక్ష్మి

ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయినా సాంబాకు ఈ పనిలో చిన్న స్థానం ఒకటి దొరకవచ్చు. కర్మాగారం అన్నారు కదా, పాత యంత్రాలు ఏవైనా ఆ సర్వర్‌తో మాట్లాడుతున్నాయా?

అంబత్తూరు_అడ్మిన్

కమాండ్ కొట్టి చూశాను. మైగ్రేషన్ మొదలే కాలేదని వచ్చింది. ఫంక్షనల్ లెవెల్ 2003. మూర్తి గారూ, మీరు అడగకపోతే నేను సంక్రాంతి రోజున అక్కడే ఇరుక్కుపోయేవాడిని.

లక్ష్మి గారి ప్రశ్నకు జవాబు: సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రాముతో లోహాన్ని మలిచే) యంత్రాలు రెండు ఉన్నాయి, వాటిని నడిపే కంట్రోలర్లలో విండోస్ ఎక్స్‌పీ నడుస్తోంది. డిజైన్ విభాగం వారు ప్రోగ్రాములను సర్వర్‌లోని ఒక షేర్‌లో పెడతారు, యంత్రం దగ్గరి ఆపరేటరు అక్కడి నుంచి తెరుచుకుంటాడు.

లినక్స్_లక్ష్మి

నేను అనుమానించినది ఇదే. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ పద్ధతిలో, ఎక్స్‌పీకి పాత ఎస్‌ఎంబీ1 తప్ప మరొకటి తెలియదు. సర్వర్ 2019, 2022లలో ఎస్‌ఎంబీ1 మొదటి నుంచే అమర్చి ఉండదు. ఫైళ్లు కొత్త సర్వర్‌కు మారిన మరుక్షణం మీ యంత్రాలకు ఆ షేర్ కనిపించదు.

అప్పుడు ఎవరో ఒకరు కొత్త సర్వర్‌లో ఎస్‌ఎంబీ1 తిరిగి అమర్చుకుంటే సరిపోతుంది కదా అంటారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. 2017 మేలో వాన్నాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ప్రపంచమంతా పాకింది ఎస్‌ఎంబీ1లోని లోపం గుండానే, అదీ మైక్రోసాఫ్ట్ సవరణ ఆ ఏడాది మార్చిలోనే విడుదల చేసిన తర్వాత. డొమైన్ మొత్తానికి తాళంచెవి లాంటి సర్వర్‌లో ఆ తలుపు తెరిచి పెట్టకూడదు.

నా సలహా ఇది. ఒక పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసి, సాంబాలో కనీస ప్రోటోకాల్‌ను ఎన్‌టీ1గా (ఎస్‌ఎంబీ1కి అక్కడి పేరు) ఇచ్చి, ఆ రెండు యంత్రాలనూ ఈ డెస్క్‌టాప్‌నూ విడి వీల్యాన్‌లో, అంటే వేరుచేసిన నెట్‌వర్క్ భాగంలో, పెట్టండి. కొత్త సర్వర్ నుంచి ప్రోగ్రాములను ఆ డెస్క్‌టాపే ఎస్‌ఎంబీ3 ద్వారా తెచ్చుకుని, యంత్రాలకు ఎస్‌ఎంబీ1 ద్వారా అందిస్తుంది. యంత్రాలకు అంతకు మించి నెట్‌వర్క్‌లో ఏదీ కనిపించనక్కరలేదు, ఇంటర్నెట్ అసలే అక్కరలేదు. తయారీదారు అనుమతి లేకుండా కంట్రోలర్‌లోని ఎక్స్‌పీని మాత్రం ముట్టుకోకండి.

పీణ్య_ప్రసాద్

మా యూనిట్‌లో కూడా అచ్చం ఇదే అమరిక. ఒక్క మాట కలుపుతాను: ఆ షేర్‌ను యంత్రాలకు చదవడానికి మాత్రమే ఇవ్వండి. రాసే అనుమతి ఉంటే యంత్రం వైపు నుంచి వచ్చిన చెడు తిన్నగా డిజైన్ ఫైళ్లను చేరుతుంది.

వాణి_వడపళని

సీఎన్‌సీ ఒక్కటే అనుకోకండి. సర్వర్ మార్పిడి అనగానే అందరూ సర్వర్ వైపే చూస్తారు. అసలు పని ఆ సర్వర్‌ను పట్టుకుని వేలాడుతున్న వాటన్నిటినీ ముందుగా కనిపెట్టడంలో ఉంది. మా కార్యాలయంలో జాబితా రాయడానికి కూర్చున్నప్పుడు బయటపడినవి చెబుతాను. జిరాక్స్ యంత్రం స్కాన్ చేసిన కాగితాలను సర్వర్ ఐపీ చిరునామాకు పంపుతోంది, అదీ ఎప్పుడో ఉద్యోగం మానేసిన వ్యక్తి పాస్‌వర్డ్‌తో. వేలిముద్ర హాజరు యంత్రంలో డీఎన్‌ఎస్ చోట సర్వర్ ఐపీ చేత్తో కొట్టి ఉంది. సీసీటీవీ రికార్డరు గడియారం ఆ సర్వర్ నుంచే సమయం తీసుకుంటోంది. ఒక ఎక్సెల్ ఫైలు లోపల ఇంకో ఎక్సెల్‌కు లంకె పాత సర్వర్ పేరుతో ఉంది.

కనిపెట్టడానికి మేము రెండు పద్ధతులు వాడాము. పవర్‌షెల్‌లో గెట్ ఎస్‌ఎంబీ సెషన్ అన్న ఆదేశం ఇచ్చి, డయలెక్ట్ (ఎస్‌ఎంబీ సంచిక) అన్న వరుసను కూడా చూపమంటే, ఎవరు ఏ ఎస్‌ఎంబీతో కలిశారో కనిపిస్తుంది. అక్కడ 1తో మొదలయ్యే అంకె ఉన్న ప్రతి పరికరాన్నీ రాసుకోండి. దీనిని పగటిపూట ఒకసారి చూసి వదిలేయకుండా, గంటగంటకూ నడిచేలా షెడ్యూల్ చేసి, నెల పొడుగునా ఫలితాలను ఫైలులోకి పోగు చేయండి. నెలకొకసారి మాత్రమే నిద్రలేచే పరికరాలు కొన్ని ఉంటాయి. రెండవది, డీఎన్‌ఎస్ డీబగ్ లాగింగ్‌ను కొన్నాళ్లు తెరిచి ఉంచితే, ఆ సర్వర్‌ను ఎవరెవరు అడుగుతున్నారో చిరునామాలతో సహా తెలుస్తుంది.

నెల్లూరు_నెట్

వాణి గారు చెప్పిన జిరాక్స్ యంత్రం సంగతిలో ఒక ఊరట ఉంది. చాలా మోడళ్లకు ఫర్మ్‌వేర్ మారిస్తే ఎస్‌ఎంబీ2 వస్తుంది. రానివాటిని ఈమెయిల్‌కు స్కాన్ చేసేలా మార్చుకోవచ్చు.

లెక్కల_రమణి

నేను సాంకేతిక వ్యక్తిని కాను, లెక్కల విభాగంలో పనిచేస్తాను. ఇంతమంది ఇన్ని మాటలు చెప్పారు కానీ తేదీ గురించి ఒక్కరూ అడగలేదు. సంక్రాంతి జనవరి 14, 15 తేదీల్లో వస్తుంది. నెలవారీ దాఖలు చేసేవారికి జీఎస్‌టీఆర్ 1 (అమ్మకాల వివరాలు) గడువు 11వ తేదీ, 3బీ (పన్ను చెల్లింపు సారాంశం) గడువు 20వ తేదీ. సరిగ్గా ఆ రెండింటి నడుమ ట్యాలీ ఉన్న సర్వర్‌ను కదిలిస్తారా? ఏదైనా రెండు రోజులు అటూ ఇటూ అయితే ఆలస్య రుసుము, వడ్డీ కట్టేది సంస్థ, మాట పడేది మేము. 20వ తేదీ దాటాక పెట్టుకోండి. 2026లో జనవరి 26 సోమవారం వస్తోంది కనుక శని, ఆది, సోమవారాలు మూడూ మీకు దొరుకుతాయి.

ఇంకొకటి. ట్యాలీ లైసెన్సును పాత యంత్రంలో సరెండర్ చేసిన తర్వాతే కొత్త యంత్రంలో యాక్టివేట్ చేయాలి. పాతది ఆపేశాక గుర్తొస్తే చాలా తిప్పలు. కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఆడిట్ ట్రెయిల్ (లెక్కల్లో ఎప్పుడు ఏం మార్చారన్న నమోదు) తప్పనిసరి అయింది కాబట్టి, ఆ ఎడిట్ లాగ్‌తో సహా డేటా వచ్చిందో లేదో మా విభాగం వారిని పక్కన కూర్చోబెట్టుకుని, పాత రశీదులు తెరిచి చూసి ఒప్పుకోండి.

అంబత్తూరు_అడ్మిన్

రమణి గారూ, ఈ అభ్యంతరం మా లెక్కల విభాగం నుంచి రావలసింది, మీరు ముందే చెప్పారు. యాజమాన్యానికి ఈ తేదీలు చూపించాను. జనవరి 24 నుంచి 26 వరకు అనుమతి దొరికింది. మా విభాగంలో సగం మంది నెల్లూరు, తిరుపతి వైపు వారు కనుక, సంక్రాంతికి ఊరు వెళ్లవచ్చునని అందరూ సంతోషించారు.

ఇప్పుడు సంచిక సంగతి. 2022 తీసుకోవాలా, 2022 మీదుగా 2025కు వెళ్లాలా?

గిండీ_గోపాల్

2022కు ప్రధాన మద్దతు 2026 అక్టోబరు 13తో ముగుస్తుంది, కానీ భద్రతా సవరణలు 2031 అక్టోబరు 14 వరకు వస్తాయి. మీకు అది చాలు. అయితే వాల్యూమ్ లైసెన్సు పద్ధతిలో 2025ను కొని, డౌన్‌గ్రేడ్ హక్కుతో 2022ను వాడుకోండి. తర్వాత 2025కు మారాలనుకుంటే మళ్లీ కొనే పని ఉండదు.

సర్వర్‌ను వాడే మనుషులకు లేదా పరికరాలకు కావలసిన క్లయింట్ యాక్సెస్ లైసెన్సులను మరువకండి. 2012కు కొన్నవి 2022కు చెల్లవు, 2025కు కొన్నవి 2022కు చెల్లుతాయి. సర్వర్ లైసెన్సు కనీసం 16 కోర్లకు తీసుకోవాలి. ధర పత్రంలో మీ సరఫరాదారు ఈ రెండూ చూపించారా?

అంబత్తూరు_అడ్మిన్

కోర్లు చూపించారు. క్లయింట్ లైసెన్సుల ఊసే లేదు. కొత్త ధర పత్రం అడిగాను.

మైలాపూరు_మూర్తి

స్టాండర్డ్ లైసెన్సుతో, భౌతిక యంత్రాన్ని హైపర్‌వీ (ఒకే యంత్రంలో వర్చువల్ సర్వర్లను నడిపే సౌకర్యం) నడపడానికి మాత్రమే ఉంచితే, రెండు వర్చువల్ సర్వర్లకు హక్కు వస్తుంది. ఒకదానిని డొమైన్ కంట్రోలర్‌గా, రెండవదానిని ఫైళ్లకు, ప్రింటర్లకు, ట్యాలీకి కేటాయించండి. అన్నీ ఒకే చోట గుచ్చి పెట్టడం వల్లనే ఈ రోజు ఇంత చిక్కు వచ్చింది. వీలైతే వేరే భౌతిక యంత్రం మీద రెండవ కంట్రోలర్ కూడా ఉండాలి.

జనవరి 24 వరకు ఆగకుండా ముందే చేయగల పనులు చాలా ఉన్నాయి. డీసీడయాగ్ (కంట్రోలర్‌ను పరీక్షించే ఆదేశం) నడిపి అది చూపే లోపాలను సరిచేయండి. సిస్టమ్ స్టేట్ (యాక్టివ్ డైరెక్టరీతో సహా సర్వర్ కీలక అమరికల) బ్యాకప్ తీసి, దానిని నెట్‌వర్క్‌తో సంబంధం లేని వేరే యంత్రంలో పునరుద్ధరించి చూడండి. తర్వాత ఒక సాయంత్రం, అందరూ వెళ్లాక, ఫంక్షనల్ లెవెల్‌ను 2012 ఆర్2కు పెంచండి. ఆపైన సిస్‌వాల్‌ను డీఎఫ్‌ఎస్‌ఆర్‌కు మార్చండి. అందులో ప్రిపేర్డ్, రీడైరెక్టెడ్, ఎలిమినేటెడ్ అని మూడు మెట్లు ఉంటాయి. మొదటి రెండింటి నుంచి వెనక్కి రావచ్చు, మూడవది ఎక్కాక రాలేరు. కాబట్టి రెండవ మెట్టు మీద కొన్ని రోజులు నిలబడి, గ్రూప్ పాలసీలూ లాగాన్ స్క్రిప్టులూ సరిగ్గా అందుతున్నాయని చూసుకుని ముందుకు కదలండి.

కొత్త 2022ను కంట్రోలర్‌గా ప్రమోట్ చేయడం కూడా వారం ముందే చేయవచ్చు. స్కీమా (డైరెక్టరీలోని సమాచార నమూనా) విస్తరణను ఆ విజార్డే చూసుకుంటుంది. రెప్‌అడ్మిన్ ఆదేశంతో ప్రతిరూపణ సారాంశం తీసి, లోపాలు సున్నా అని వస్తేనే ఐదు ఎఫ్‌ఎస్‌ఎంఓ పాత్రలను (ఒక్కొక్కటీ ఒకే కంట్రోలర్ చేయవలసిన ప్రత్యేక బాధ్యతలను) కొత్తదానికి మార్చండి. అప్పుడు సెలవుల మూడు రోజులకు ఫైళ్లు, ప్రింటర్లు, ట్యాలీ మాత్రమే మిగులుతాయి.

నెల్లూరు_నెట్

డీహెచ్‌సీపీ లీజు వ్యవధి (ఒకసారి ఇచ్చిన చిరునామా చెల్లే కాలం) మామూలుగా 8 రోజులు. దానిని రెండు వారాల ముందే కొన్ని గంటలకు తగ్గించి పెట్టండి. మార్పిడి నాడు కంప్యూటర్లన్నీ కొత్త డీఎన్‌ఎస్ చిరునామాను త్వరగా అందుకుంటాయి. స్కోపులను (చిరునామాల శ్రేణులను) లీజులతో సహా ఎగుమతి చేసి కొత్తదానిలోకి దించవచ్చు. కొత్తదానిని యాక్టివ్ డైరెక్టరీలో ఆథరైజ్ చేయడం మాత్రం మరిచిపోకూడదు.

పీణ్య_ప్రసాద్

ఫైళ్ల విషయంలో విండోస్‌లోని రోబోకాపీ ఆదేశాన్నే నమ్ముకోండి. స్టోరేజ్ మైగ్రేషన్ సర్వీస్ అన్న సౌకర్యం ఉంది కానీ, మూల సర్వర్ డొమైన్ కంట్రోలర్ అయితే దాని పేరునూ చిరునామానూ కొత్తదానికి బదలాయించే దశను అది ఒప్పుకోదు. కాపీఆల్ స్విచ్‌తో అనుమతులతో సహా మొదటి కాపీ వారం ముందే వేసేస్తే, చివరి రోజున మారిన ఫైళ్లు మాత్రమే మిగులుతాయి. మిర్ స్విచ్ (గమ్యాన్ని మూలానికి అచ్చు నకలుగా చేసేది) వాడేవారు మూలం ఏది, గమ్యం ఏది అన్నది ఇద్దరు కలిసి చదివి నొక్కండి. అవి తారుమారైతే ఖాళీ ఫోల్డర్‌ను చూసి నిండు ఫోల్డర్‌ను తుడిచేస్తుంది.

వాణి_వడపళని

పాత ఐపీని కొత్త కంట్రోలర్‌కే ఇవ్వాలని నా అభిప్రాయం. పాతదానిని డిమోట్ చేసి, దాని ఐపీ మార్చి, ఆ చిరునామాను కొత్తదానికి ఇస్తే, మన జాబితాకు చిక్కని పరికరాలు కూడా పనిచేస్తూనే ఉంటాయి.

గిండీ_గోపాల్

నేను ఒప్పుకోను. అలా చేస్తే ఏ పరికరం దేనిమీద ఆధారపడిందో ఎప్పటికీ తెలియదు, ఈ గందరగోళమే తర్వాతివారికి వారసత్వంగా వెళుతుంది. కొత్త చిరునామా ఇచ్చి, ఆగినదానిని ఆగినట్టే సరిచేసుకుంటూ పోవాలి.

వాణి_వడపళని

గోపాల్ గారూ, ఆగేది మంగళవారం ఉదయం షిఫ్టు మొదలయ్యే వేళ. హాజరు యంత్రం ముందు కార్మికులు వరుస కట్టి ఉండగా సరిచేసుకుంటూ పోవడం మీరు అనుకున్నంత సులభం కాదు. ముందు కర్మాగారం నడవాలి, శుభ్రత తర్వాత చూసుకోవచ్చు.

మైలాపూరు_మూర్తి

ఈ విషయంలో నేను వాణి గారి పక్షం. డీఎన్‌ఎస్ చిరునామాను నిలుపుకోవడంలో తప్పు లేదు. ఫైల్ సర్వర్ పేరు విషయంలో మాత్రం జాగ్రత్త వహించండి. పాత పేరుతో డీఎన్‌ఎస్‌లో ఒట్టి సీనేమ్ (మారుపేరు) రాసి వదిలేస్తే కెర్బరోస్ (లాగిన్ గుర్తింపు పద్ధతి) పనిచేయక పాత ఎన్‌టీఎల్‌ఎమ్‌కు దిగజారుతుంది, కొన్నిచోట్ల అసలే తెరుచుకోదు. పాత కంప్యూటర్ ఖాతాను తొలగించాక, నెట్‌డామ్ ఆదేశంతో ఆ పేరును కొత్త ఫైల్ సర్వర్‌కు ప్రత్యామ్నాయ నామంగా చేరిస్తే ఎస్‌పీఎన్‌లు (కెర్బరోస్ ఆ సర్వర్‌ను గుర్తించే పేర్లు) కూడా నమోదవుతాయి.

సమయం గురించి కూడా చెప్పాలి. పీడీసీ ఎమ్యులేటర్ పాత్ర (ఆ ఐదింటిలో ఒకటి) ఉన్న సర్వర్ గడియారాన్నే డొమైన్ అంతా అనుసరిస్తుంది. అది వర్చువల్ యంత్రం అయినప్పుడు హైపర్‌వీ సమయ సమన్వయాన్ని ఆపి, బయటి ఎన్‌టీపీ (సరైన సమయం అందించే) సర్వర్‌ను చూపించండి. సెర్ట్ ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల ఎన్‌టీపీ సర్వర్లతో గానీ, వాటితో సరిపోలే వాటితో గానీ గడియారాలను సరిపోల్చాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. గడియారాల మధ్య తేడా 5 నిమిషాలు దాటితే కెర్బరోస్ లాగిన్‌లే నిలిచిపోతాయి.

అంబత్తూరు_అడ్మిన్

వాణి గారు చెప్పినట్లు సెషన్ల జాబితాను గంటగంటకూ పోగు చేయడం మొదలుపెట్టాను. సీఎన్‌సీ యంత్రాలు కాక, మూడవ పరికరం ఒకటి ఎస్‌ఎంబీ1తో దొరికింది. తూకపు గది కంప్యూటర్. అది మా ఆస్తుల జాబితాలోనే లేదు. లక్ష్మి గారు చెప్పిన విడి వీల్యాన్‌లోకి దానినీ చేర్చబోతున్నాను.

ఒక సందేహం మిగిలింది. పాత సర్వర్‌ను డిమోట్ చేయకుండా, కొంతకాలం ఊరికే ఆపి పక్కన ఉంచితే మేలు కాదా? ఏదైనా తేడా వస్తే మళ్లీ వెలిగించవచ్చు కదా అని సరఫరాదారు అంటున్నారు.

మైలాపూరు_మూర్తి

వద్దు. డిమోట్ చేయని కంట్రోలర్‌ను టూంబ్‌స్టోన్ వ్యవధి (తొలగించిన ఖాతాల గుర్తును డైరెక్టరీ ఉంచుకునే కాలం) దాటాక వెలిగిస్తే, మీరు ఎప్పుడో తొలగించిన ఖాతాలు తిరిగి లేచి వస్తాయి. లేదంటే ప్రతిరూపణ ఆగిపోతుంది. ఆ వ్యవధి దాటిన యాక్టివ్ డైరెక్టరీ బ్యాకప్ కూడా పనికిరాదు. ఇప్పటి డొమైన్లలో అది 180 రోజులు. మీది తొలినాటి 2003లో మొదలై ఉంటే 60 రోజులే కావచ్చు. ఏడీఎస్‌ఐ ఎడిట్‌లో కాన్ఫిగరేషన్ విభాగం తెరిచి, డైరెక్టరీ సర్వీస్ అన్న దాని లక్షణాలలో టూంబ్‌స్టోన్ లైఫ్‌టైమ్ విలువ చూడండి. ఖాళీగా ఉంటే 60 అని అర్థం.

మార్పిడి తర్వాత పాతది డొమైన్‌లో వెలుగుతూ ఉండగానే రెండు వారాలు గమనించి, ఆపై పద్ధతిగా డిమోట్ చేయండి. డిస్కులను మాత్రం తుడవకుండా లెక్కల విభాగం ఒప్పుకునేదాకా దాచి ఉంచండి.

లెక్కల_రమణి

మార్చి నెలాఖరు ముగింపు లెక్కలు, ఆడిటర్ సంతకం అయ్యేదాకా దాచండి.

అంబత్తూరు_అడ్మిన్

చూశాను. ఆ గడి ఖాళీగానే ఉంది. సిస్‌వాల్ పని మొదలుపెట్టే ముందే దానిని 180కి మార్చి, కొత్త బ్యాకప్ తీస్తాను.